వరసకు నాన్న

"కబోర్డంతా తిరగేసినాను తమ్ముడూ. ఏటీ లేదు," అంది సూరమ్మక్క ఫోనులో.

నేను ఆఫీసులో ఉన్నాను. మాది బీమా కంపెనీ. బీమా ఉంటే ధీమా అని జనానికి చెబుతుంటాం గానీ, ఆ ధీమా కంపెనీకొక్కదానికే ఉంటుందని లోపల పనిచేసేవాడికి త్వరగానే తెలిసిపోతుంది. పొద్దుటి నుంచీ కంప్యూటర్ తెరలోకి చూసి చూసి అలసి, సొలసి, పాలసీల మధ్య కునుకుతున్న వేళ ఆ ఫోను.

"ఏం పోయిందక్కా? దేనికోసం వెతుకుతున్నావు?"

"నాకేటి తెల్సు? గవుర్మెంటు ఆఫీసు నుంచి ఓ పిల్ల ఫోన్ సేసింది. 'అంకుల్ కబోర్డ్ ఆల్రెడీ, అంకుల్ కబోర్డ్ ఆల్రెడీ' అని సెప్పీసి పెట్టీసింది. మీ బావ కబోర్డులో ఏటి దాసినాడో అని గుడ్డలన్నీ కింద పోసినాను. పాత పోర్టు యూనిఫారం, గొడుగులు, పాడైపోయిన రేడియో. ఇయ్యన్నీ గవుర్మెంటుకెందుకు తమ్ముడూ?"

మామూలు రోజైతే ఆ కబోర్డు తలుపు పట్టుకుని సాయంత్రం దాకా ఊగేవాణ్ణి. ఆ రోజు ఓపిక లేదు.

"అది కబోర్డ్ కాదక్కా, కవర్డ్. బావకి ఇప్పటికే ఏదో బీమా కంపెనీలో పాలసీ ఉందట. వైద్యం ఖర్చు ఆ కంపెనీయే పెట్టుకోవాలి, సర్కారు ఇక పెట్టదు అని ఆ పిల్ల చెప్పింది."

"అలామక్! మీ బావకి డాక్టర్లు పాలే వద్దన్నారు, పాలసీ ఎక్కడిది? ఏ కంపెనీ?"

నేను కంప్యూటర్లో 'పొట్నూరు రాఘవులు' అని కొట్టి చూశాను. పేరు వచ్చింది. కంపెనీ మాదే. ఆ పేరును సర్కారుకు పంపిన సెక్షను కూడా మాదే. అంటే నాదే.

"కనుక్కుని చెబుతానక్కా," అని ఫోను పెట్టేశాను. కునుకు పోయింది.

నా పని ఏమిటో ఇక్కడ చెప్పాలి. అందరికీ వైద్యం చేయించేంత డబ్బు ఏ సర్కారు దగ్గరా ఉండదు కనుక, సాయం ఇంకెవరూ లేనివాళ్ళకే ఇస్తామంటుంది. ఇంకెవరైనా ఉన్నారా లేరా అన్నది సర్కారుకు ఎలా తెలుస్తుంది? బీమా కంపెనీలు చెప్పాలి. మా దగ్గర ఫలానా ఫలానా వాళ్ళకు పాలసీ ఉంది అని నెలనెలా పేర్లు పంపాలి. పంపకపోతే జరిమానా. ఆ పేర్లు పంపే సెక్షనుకు నేను పెద్దని. పేరు సాంబమూర్తి. సాఫ్ట్‌వేర్ వచ్చాక మీ పని సాఫ్ట్ అయిపోతుంది మూర్తీ అన్నారు పైవాళ్ళు. సాఫ్ట్ వేరు, పని వేరు అని నాకు అప్పుడే తెలుసు.

వైటూకే గండం గడిచి, లోకం అంతం కాకుండా మిగిలిపోయిన కాలం అది. విమానాల నిండా కుర్రాళ్ళు హైదరాబాదు నుంచి సింగపూరు వచ్చి దిగుతున్నారు. బూన్ లే నుంచి చాంగీ దాకా ఎక్కడ విన్నా బూమే బూమ్. ఆ బూమ్‌కీ రాఘవులు బావకీ ఏ సంబంధమూ లేదు. ఆయన తాత కళింగపట్నంలో ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు వచ్చాడు. బావ సింగపూరు పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. హౌగాంగ్‌లో మా పక్క బ్లాకులో ఫ్లాటు.

ఆయన మూత్రపిండాలు కూడా ఆయనతో పాటే రిటైరయ్యాయి. డయాలసిస్ అన్న మాట మధ్యలోనే 'అలసి' అని ఉంది. ఎవరు పెట్టారో గానీ తెలుగు తెలిసినవాడే పెట్టి ఉంటాడు. రోజు విడిచి రోజు వెళ్ళి, కుర్చీలో వెనక్కి వాలి, ఒంట్లో నెత్తురంతా మిషన్లోకి వెళ్ళి కడుక్కుని వచ్చేదాకా పడి ఉండాలి. ఇంటికి వచ్చి పడుకుంటే లేచేసరికి మళ్ళీ వెళ్ళవలసిన రోజు. సర్కారు సాయంతో నడిచే డయాలసిస్ సెంటరు మా బ్లాకుల కిందనే ఉంది. అక్కడ కుర్చీలు తక్కువ, కనిపెట్టుకుని ఉన్నవాళ్ళు ఎక్కువ. బీమా ఉన్నవాళ్ళకు ఆ కుర్చీ ఇవ్వరు. అంటే 'కవర్డ్' అన్న ఒక్క ముక్కతో బావ కుర్చీ ఈ నెలాఖరుకు ఇంకొకరిది. బయటి ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకోవడం క్రేన్ నడిపినవాడి పింఛను వల్ల కాదు. చేయించుకోకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు కనుక ఎవరూ అనరు.

మా సెక్షనులో ప్రోగ్రాములు రాసేది ఖాలిక్. హైదరాబాదువాడు, టోలీచౌకీ. వాణ్ణి పిలిచి రాఘవులు బావ రికార్డు తీయించాను.

"ఇదిగో మూర్తి సాబ్. ఎంప్లాయీ పేరు దీపక్ పొట్నూరు. బూన్ లేలో సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఆ కంపెనీ తన స్టాఫుకి మన దగ్గర పాలసీ తీసుకుంది. స్టాఫు అమ్మానాన్నలు కూడా అందులోనే. రాఘవులు, ఫాదర్."

"దీపక్ నాకు తెలుసయ్యా. వాళ్ళ నాన్న విజయనగరంలో నిక్షేపంలా ఉన్నాడు."

"మషీన్ కో క్యా మాలూం సాబ్! ఫాదర్ అన్నారు, ఫాదర్ అని రాసుకుంది. ఎన్నో ఫాదర్ అని అడగదు."

"సరే, ఫాదరే అనుకుందాం. మన పాలసీలో డయాలసిస్‌కి డబ్బు ఇస్తామా?"

"నహీ సాబ్. ఆస్పత్రిలో మంచం ఎక్కితేనే ఇస్తాం. కుర్చీకి ఇవ్వం."

"మరి సర్కారుకి కవర్డ్ అని ఎందుకు పంపాం?"

"అక్కడ ఉన్నవి రెండే గళ్ళు. అవును, కాదు. కొంచెం అవును అని రాయడానికి గడి లేదు."

ఇవ్వవలసి వస్తే కాదు, చెప్పవలసి వస్తే అవును. ఇంత చక్కటి సంస్థలో నా జుట్టు తెల్లబడింది.

"పేరు తీసేసే దారి చూడు."

ఖాలిక్ కొంతసేపు తెరలోకి చూశాడు. "ఫాదర్ని తీసెయ్యాలంటే ఫాదర్ చనిపోవాలి. లేకపోతే దీపక్ ఉద్యోగం పోవాలి. లేకపోతే ఏడు తిరిగి కొత్త పాలసీ రావాలి, అది దీపావళి దాటాక. ఇవేవీ కాకపోతే, మొదట్నుంచీ ఇది తప్పు, ఈయన ఫాదర్ కాదు అని ఇద్దరూ సర్కారు కౌంటర్‌కెళ్ళి చెప్పి సంతకాలు పెట్టాలి. మన వైపు నుంచి ఒకరు వెళ్ళి, మేం పంపింది తప్పు అని ఒప్పుకోవాలి."

"ఎవరు వెళతారు?"

ఖాలిక్ నా వైపు చూశాడు. ఈ సెక్షనులో తప్పు పంపినా నేనే, ఒప్పుకోడానికి వెళ్ళినా నేనే.

ఈ దీపక్ ఎవరో, రాఘవులు బావకు ఏమవుతాడో చెప్పాలంటే ముందు నేను ఏమవుతానో చెప్పాలి. సూరమ్మక్క పుట్టింటివారి ఇంటిపేరు, మా ఇంటిపేరు ఒకటే. అందుకని ఆవిడ నాకు అక్క, ఆయన బావ. అంతకు మించి మా మధ్య నెత్తురు చుట్టరికం లేదు. ఏ తెలుగువాడికైనా ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. ఇద్దరు తెలుగువాళ్ళు పరాయి దేశంలో ఎదురుపడితే, ముందు మీదే ఊరు అంటారు, తరవాత ఇంటిపేరు అడుగుతారు, ఆ తరవాత కూడి, తీసేసి, బాబాయో బావమరిదో ఏదో ఒకటి తేల్చిగానీ వదలరు. వరసలు కలపడం మనకు వచ్చినంత బాగా లెక్కలు కూడా రావు.

దీపక్ వచ్చిన కొత్తలో సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ళ కోవెలలో భోజనాల దగ్గర రాఘవులు బావ పక్కన కూర్చున్నాడు. సాంబారు వచ్చేలోపు ఇంటిపేరు తెలిసింది, ఇద్దరూ పొట్నూరువాళ్ళే. పెరుగు వచ్చేలోపు దీపక్ వాళ్ళ నాన్న కన్నా బావ వయసులో పెద్దవాడని తేలింది. ఇంకేం, పెద్దనాన్న. ఆ సాయంత్రమే కుర్రాడి పెట్టె హౌగాంగ్ ఫ్లాటుకు వచ్చేసింది. ఏడాది పైగా అక్కడే తిన్నాడు, అక్కడే పడుకున్నాడు. తరవాత ఆఫీసు దగ్గరని బూన్ లేలో గది తీసుకున్నా, ప్రతి ఆదివారం ఆ చివర రైలెక్కి, మధ్యలో బస్సు మారి ఈ చివరికి వస్తాడు. పెద్దనాన్నను కాసేపు కింద తిప్పి, పెద్దమ్మకు బియ్యం బస్తా మోసి వెళతాడు.

ఆ ఆదివారం వాణ్ణి మా బ్లాకు పక్కన, చవక తిండి అమ్మే హాకర్ సెంటర్లో కూచోబెట్టి అడిగాను. "ఏరా, ఇద్దరు నాన్నలేమిటిరా నీకు?"

మొత్తం విన్నాక వాడు నూడుల్స్ గిన్నె పక్కకు తోశాడు. "నేను మంచికే చేశాను మావయ్యా! చేరిన రోజున హెచ్ఆర్ మేడం 'పేరెంట్స్ ఉన్నారా, యాడ్ చేస్తే ఫ్రీ' అంది. అమ్మా నాన్నా ఇండియాలో ఉన్నారు, ఇక్కడ పెద్దనాన్న ఉన్నాడు అన్నాను. పెద్దనాన్న అంటే ఆవిడకి అర్థం కాలేదు. వాట్ ఈజ్ హీ టు యూ అంది. ఏం చెప్పను? హీ బికమ్స్ మై ఫాదర్ అన్నాను."

"బికమ్స్!"

"నాన్న అవుతాడనే కదా మనం అంటాం! ఆవిడ నవ్వి ఏదో కొట్టుకుంది. ఫాదర్ అని కొట్టిందని నాకేం తెలుసు?"

ఇంటికి వచ్చినవాళ్ళు 'ఈయన నీకు ఏమవుతాడు' అని అడిగితే చిన్నప్పటి నుంచీ మనం చెప్పే జవాబే వాడు చెప్పాడు. అడిగింది అత్తయ్య కాదు, హెచ్ఆర్. అంతే తేడా.

"మావయ్యా, ఇది ఫాల్స్ డిక్లరేషన్ అంటారా? నా వర్క్ పాస్ కాన్సిల్ చేస్తారా?"

"చెప్పలేనురా," అన్నాను. నిజంగానే చెప్పలేను. వాడి నూడుల్స్ చల్లారిపోయాయి.

ఇద్దరం ఫ్లాటుకు వెళ్ళాం. బావ మంచం మీద పడుకుని ఉన్నాడు. శుక్రవారం మిషన్ మీద నుంచి వచ్చిన నీరసం ఇంకా తీరలేదు, లేచి కూచోలేదు. విషయం విడమరిచి చెప్పాను. కౌంటర్‌కు వెళ్ళి ఇతను నా కొడుకు కాదు అని ఒక్క మాట అంటే కుర్చీ నిలుస్తుందని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకునే అడిగాడు.

"నాను కొడుకు కాడంతే, మరి గుంటడు కంపెనీలో సెప్పినది అబద్దం అవదేటి?"

"అవచ్చు. కాకపోవచ్చు. వాళ్ళు ఎలా తీసుకుంటారో—"

"తెల్దు గదా? అయితే నాను రాను."

"బావా, కుర్చీ పోతుంది."

"పోతే పోనీ. నానేటి మంత్రినా, కుర్చీ పట్టుకు యేలాడ్డానికి? ఆడికి ముందర బోల్డు బతుకున్నాది. అబద్దాలకోరని ఒక్క ముక్క కాగితం మీద పడితే ఆడిని ఈ దేశంలో ఉండనిస్తారా?"

"నన్ను పంపేస్తే పంపెయ్యనీ పెద్దనాన్నా," అన్నాడు దీపక్. "ఇండియాలో ఉద్యోగాలు లేవా?"

"నువ్వు నోరు ముయ్యి. మూర్తీ, నిజం సెప్పనా? నాను అలిసిపోనాను. ఆ సూదులు, ఆ గిరగిర తిరిగే మిషను. ఒకరోజు ఎల్లకపోతే ఎలాగుంటాదో అని రోజూ అనుకుంతున్నాను."

వంటింట్లోంచి సూరమ్మక్క గరిటెతో సహా వచ్చింది. "అలిసిపోనావా? నాను అలవలేదేటి? నీకు పోతే కుర్చీ పోద్ది. నాకు మొగుడు పోతాడు. ఏటి తమ్ముడూ, అలాగ నిలబడి సూస్తావు? నీ కంపెనీయే గదా పంపినాది! నువ్వే సెప్పుకో నీ గవుర్మెంటుకి."

ఆవిడ అన్నది రైటే. చట్టం మమ్మల్ని పేర్లు పంపమంది గానీ తప్పుడు పేర్లు పంపమనలేదు. చెప్పడం బాధ్యతైతే సరిగ్గా చెప్పడం కూడా బాధ్యతే. ఈ ముక్క నేను మా మేనేజరు దగ్గర అంటే ఆయన, "మూర్తీ, నువ్వు మొన్నటి దాకా జోకులే వేసేవాడివి, ఇప్పుడు ఉపన్యాసాలా?" అన్నాడు. సెలవు మాత్రం ఇచ్చాడు.

బావను ఒప్పించింది నేను కాదు, సూరమ్మక్క. ఆవిడ అన్నం మానేసింది. రెండో పూటకు ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

సర్కారు ఆఫీసులో ఏసీ చలి. బావ స్వెటర్లో ముడుచుకుని కూర్చున్నాడు. హాలు నిండా మాలాంటివాళ్ళే, ఒళ్ళో ఎక్స్‌రే కవర్లు పెట్టుకుని తెర మీద తమ నంబరు ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తున్నారు. మా నంబరు వెలిగింది. నా జీవితంలో ఎన్నో కౌంటర్లు చూశాను గానీ ఆ రోజు జరిగింది మాత్రం ఎన్‌కౌంటరే.

కౌంటర్ వెనక చైనా అమ్మాయి, పాతికేళ్ళు ఉంటాయేమో. బావను చూడగానే లేచి, "అంకుల్, సిట్ సిట్. వాటర్ కావాలా అంకుల్?" అంది ఇంగ్లీషులో. మంచి పిల్ల. తరవాత కాగితాలు చూసింది.

"సో, అంకుల్ ఇతనికి ఫాదరా, కాదా? ఒక్కటే చెప్పాలి లా." ఈ ఊళ్ళో ప్రతి మాట చివరా ఒక 'లా' ఉంటుంది. చట్టం లేని వాక్యం ఇక్కడ వినపడదు.

"సన్," అన్నాడు బావ, దీపక్‌ను చూపిస్తూ. ఇంట్లో ఒప్పుకున్నదంతా అక్కడ మరిచిపోయాడు.

"నో, నో," అన్నాడు దీపక్.

"ఎస్ అండ్ నో," అన్నాను నేను.

ఆ అమ్మాయి కలం ఆగింది. "ఫాదర్స్ బ్రదరా?"

"అవును. అంటే, కాదు. ఇంటిపేరు ఒకటే."

"కజినా?"

"కాదు."

"అయితే ఫ్రెండ్ లా."

"నో!" అన్నాం ముగ్గురం ఒక్కసారే. చుట్టుపక్కలవాళ్ళు తలలు తిప్పారు.

"సార్, మీరు బీమా కంపెనీ తరఫున వచ్చారు కదా. మీరు వీళ్ళకి ఏమైనా అవుతారా?"

"ఈయన మా బావగారు. ఈయన భార్య నాకు అక్క."

"ఓన్ సిస్టర్?"

"... కాదు."

ఆమె కలం బల్ల మీద పెట్టేసింది. "సారీ హా. ఇక్కడ ఎవరైనా ఎవరికైనా నిజంగా ఏమైనా అవుతారా?"

ఇంత మంచి మాట అన్నందుకు ఇంకో రోజైతే ఆ పిల్లకు చెయ్యి కలిపేవాణ్ణి. బావ మొహం అప్పటికే పాలిపోయి ఉంది. వెనక వరసలో జనం విసుక్కుంటున్నారు. మాది ఏ వరసో తేలక మొత్తం వరసే ఆగిపోయింది.

"సార్, ఇది సీరియస్," అంది గొంతు తగ్గించి. "ఫాదర్ కాని మనిషిని ఫాదర్ అని చెప్పి బెనిఫిట్ తీసుకుంటే నేను పై ఆఫీసుకి రాయాలి."

దీపక్ నేల చూపులు చూస్తున్నాడు. బావ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "సన్, సన్," అన్నాడు మళ్ళీ. "హీ నో లై. మై సన్."

"అంకుల్, ఊరికే టెన్షన్ పడొద్దు, ముందు వాటర్ తాగండి," అంది ఆమె.

అప్పుడు తట్టింది నాకు.

"మేడం, ఈయన మీకు ఏమవుతారు?"

"సారీ?"

"ఇందాకటి నుంచీ అంకుల్ అంటున్నారు. మీ నాన్నగారికి తమ్ముడా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "అది రెస్పెక్ట్. అందరూ అలాగే పిలుస్తారు. కూరలమ్మేవాడు అంకుల్, టాక్సీవాడు అంకుల్."

"అబద్ధం కాదు కదా?"

"అబద్ధం ఎందుకవుతుంది? కానీ నేను ఫారంలో అంకుల్ అని రాయను కదా సార్."

గట్టి పిల్ల. నా మాట నాకే తిప్పికొట్టింది. కానీ దారి తెరుచుకుంది.

"ఇతనూ రాయలేదు మేడం. ఇతన్ని వాళ్ళ హెచ్ఆర్ ఆవిడ ఆయన నీకు ఏమవుతాడు అని నోటితో అడిగింది. మీకు అంకుల్ ఒక్కటే. మా భాషలో అంకుల్‌కి బోలెడు పేర్లు. ఇంటిపేరు ఒకటై, నాన్న కన్నా పెద్దవాడైతే ఆయన్ని పెద్ద నాన్న అంటాం. ముక్కూమొహం తెలియనివాడైనా సరే. ఇతను అదే చెప్పాడు. మా ఊళ్ళో ఆ జవాబు విని ఒక్కరు కూడా తప్పుగా అనుకోరు. ఆవిడ దగ్గర ఆ మాట పట్టే గడి లేదు. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నదాంట్లో వేసింది. అది మా దగ్గరికి వచ్చింది. మేం అడగలేదు. నేను మీకు పంపాను. పాలసీ వల్ల ఈయనకి ఇంతవరకూ ఒక్క డాలరు ముట్టలేదు, అది నేను రాసిస్తాను. ఎవరూ అబద్ధం ఆడలేదు మేడం. అందరూ వాళ్ళ వాళ్ళ భాషలో నిజమే చెప్పారు."

ఆమె దీపక్‌ను అడిగి వాళ్ళ హెచ్ఆర్ ఆవిడకు ఫోను చేసింది. అవతల ఆవిడ ఏమందో వినపడలేదు గానీ ఈ అమ్మాయి పెదవి చివర మాత్రం కదిలింది. ఫోను పెట్టి బావ వైపు వంగింది.

"అంకుల్, వినండి. పొరపాటున రాసుకున్నారు అంటే ఈ అబ్బాయికి ఏమీ కాదు. నేను మిస్టేక్ అని మూసేస్తాను. కానీ మీరు సన్, సన్ అంటూ ఉంటే నేను మూయలేను. అప్పుడే అబ్బాయికి ప్రాబ్లం. అర్థమైందా?"

బావ నన్ను చూశాడు. తెలుగులో మళ్ళీ చెప్పాను. ఆయన దాన్ని నాతో ఇంకోసారి చెప్పించుకున్నాడు. కుర్చీ సంగతి అడగలేదు, దీపక్‌కు ఏమీ కాదు అన్న ముక్కే రెండుసార్లు అడిగాడు.

తరవాత ఆ అమ్మాయి వైపు తిరిగి, పోర్టులో ఏళ్ళ తరబడి కింద ఉన్నవాళ్ళకు పైనుంచి కేకలేసిన గొంతుతో, హాలంతా వినపడేట్టు అన్నాడు.

"నాట్ మై సన్."

దీపక్ తల ఎత్తలేదు.

"రిలేషన్?" అని అడిగింది ఆమె, కీబోర్డు మీద వేళ్ళు పెట్టి.

బావ గొంతు ఈసారి తగ్గింది. "నో రిలేషన్."

ఆమె కొట్టుకుంది. కాగితం బయటికి వచ్చింది. దీపక్ సంతకం పెట్టాడు. బావ వంకరటింకరగా పెట్టాడు, ఎడమ చేతిలో సూదుల నొప్పి ఇంకా ఉంది, ఆయనది ఎడమ చేతివాటం. బీమా కంపెనీ తరఫున, మేము పంపిన సమాచారం తప్పు, వెనక్కి తీసుకుంటున్నాం అన్న చోట నేను పెట్టాను. కుర్చీ ఉంటుంది, సోమవారం ఎప్పటిలాగే వెళ్ళండి అంది ఆమె. ఆ మాట విన్నాక ముగ్గురిలో ఒక్కరమైనా సంతోషంగా కనిపించాలి. కనిపించలేదు.  దీపక్ బూన్ లే వైపు రైలెక్కలేదు, మాతో పాటు హౌగాంగ్ బస్సెక్కాడు.

సోమవారం వాడు ఆఫీసుకు సెలవు పెట్టి పెద్దనాన్నను సెంటరుకు తీసుకొచ్చాడు. నేను చూడ్డానికి వెళ్ళాను. అప్పటికే సంగతి, ఆ హాల్లో విన్నవాళ్ళ నోట, సగం సగం పాకింది. నర్సు మలయాళీ. సూది గుచ్చుతూ, "ఏం అంకుల్, కొడుకును వదిలేసుకున్నావట కదా? ఆఫీసులో అందరి ముందు నా కొడుకు కాదు అన్నావట!" అని ఇంగ్లీషులో దెప్పింది. అవతలి కుర్చీలో మలయ్ ముసలావిడ పెదవి విరిచింది. ఈవలి కుర్చీలో ఉన్న చైనా ముసలాయన దీపక్ వైపు జాలిగా చూశాడు, ఇంత మంచి కుర్రవాణ్ణి అన్నట్టు.

సూది దిగాక బావకు మాట్లాడడం ఇష్టం ఉండదు. ఆ రోజు కళ్ళు తెరిచాడు. "ఐ టెల్, ఐ టెల్," అన్నాడు. వచ్చిన ఇంగ్లీషు, పోర్టులో నేర్చిన మలయ్ కలిపి మొదట్నుంచీ చెప్పాడు. కోవెల్లో భోజనాలు, ఇంటిపేరు, హెచ్ఆర్ ఆవిడ అడగడం, ఫాదర్ అని రాసుకోవడం, బీమా కంపెనీ పేరు పంపడం, సర్కారు కుర్చీ తీసెయ్యబోవడం. ఎక్కడైనా మాట తడబడితే దీపక్ అందించాడు. అది నిజం కాదు అనకపోతే ఈడిని దేశంలోంచి పంపేసేవాళ్ళు, అందుకే అన్నాను, అన్నాడు. మలయ్ ఆవిడ మధ్యలో ఆపి, అయితే మీది ఒకే ఊరు కూడా కాదా అంది. కాదు అన్నాడు. కన్నవాళ్ళు వేరేనా అంది. వేరే అన్నాడు. నర్సు గ్లవ్స్ తీస్తూ నిలబడిపోయింది.

"సారీ అంకుల్, మేం తప్పుగా అనుకున్నాం," అంది.

చైనా ముసలాయన తల ఊపాడు. "మాకూ ఉంది. ఒకే ఇంటిపేరువాళ్ళకి సంఘం ఉంది. నాకు అక్కడ రెండొందల మంది అన్నదమ్ములు." మిషన్ వైపు చూసి, "ఒక్కడూ రాడు," అన్నాడు.

దీపక్ లేచి ఆయనకు జారిపోయిన దుప్పటి కప్పి, నీళ్ళు కావాలా అంకుల్ అని అడిగాడు. బావ అప్పటికే నిద్రపోయాడు.